ఇంట్లో కృతజ్ఞత కూడిక: క్రమం, సాక్ష్యం, కానుక, భోజనం ఎలా?

గట్టుమీద_చెట్టు (ప్రశ్న)

అందరికీ వందనాలు. వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నాం. మా అత్తయ్యగారికి గుండె ఆపరేషన్ అయ్యి అప్పటికి ఆరు నెలలు. సంఘంవాళ్లు, బంధువులు, వీధిలోవాళ్లు అంతా కలిపి 60 మంది. బంధువుల్లో సగం మంది హిందువులు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం.

గంటన్నరలో ముగించాలంటే క్రమం ఎలా వేసుకోవాలి? సాక్ష్యం (దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పడం) ఆవిడే చెబుతానంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి? కానుక ఎంత, ఎలా ఇవ్వాలి? ఆస్పత్రిలో ఉండగా ఆవిడ ఒకటి మొక్కుకున్నారు, అదీ ఈ కూడికా ఒకటేనా? భోజనం తప్పనిసరా, టీ బిస్కెట్లతో సరిపెట్టొచ్చా?

ఇంకొకటి. అదే జబ్బుతో అదే నెలలో భర్తను పోగొట్టుకున్న ఆవిడ మా వీధిలోనే ఉన్నారు. మన సంఘమే. ఆమెను పిలవాలా వద్దా తెలియడం లేదు.

కీర్తన_నూటపదహారు

వందనాలండి. భోజనం సంగతి ముందు చెబుతాను. అది తేలితే సగం సందేహాలు వాటంతటవే తీరతాయి.

లేవీయకాండము 7వ అధ్యాయం 11 నుంచి 18 వరకు ఒకసారి తీరిగ్గా చదవండి. కృతజ్ఞతార్పణ అనేది సమాధాన బలిలో ఒక రకం. దహనబలి అయితే బలిపీఠం మీద పూర్తిగా కాలిపోతుంది. ఇది అలా కాదు. కొవ్వు దేవునికి, బోర (రొమ్ము భాగం), కుడి జబ్బ యాజకులకు, మిగతా మాంసమంతా తెచ్చినవాడు తినడానికే. దాంతోపాటు నాలుగు రకాల రొట్టెలు: నూనె కలిపిన పొంగని పిండివంటలు, నూనె పూసిన పలచని అప్పడాలు, నూనె కలిపి కాల్చిన గోధుమపిండివంటలు, వీటికి తోడు పులిసిన రొట్టె. ఒక్కో రకం నుంచి ఒకటి యాజకుడికి. యూదుల మిష్నా (పెద్దల నోటి బోధల సంకలనం) దీనికి లెక్క కూడా చెప్పింది: రకానికి పది, మొత్తం 40, అందులో నాలుగు యాజకుడికి.

ఇక 15వ వచనం. ఆ మాంసం ఆ రోజే తినాలి, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు. ఒక మేకపోతు, 36 రొట్టెలు, ఒక్క రాత్రి. ఏ ఇంటివాళ్లూ తమంతట తాము తినలేరు కదా! ఎందుకీ నియమమో వాక్యం చెప్పలేదు గానీ, దాన్ని పాటించాలంటే పదిమందిని పిలవక తప్పదు. వచ్చినవాళ్లు ‘ఏంటి విశేషం’ అని అడక్క మానరు, చెప్పక తప్పదు. అందుకే నా మాట: ఖర్చు భారమైతే ఒక కూర తగ్గించుకోండి, కూర్చోబెట్టి పెట్టే అన్నం మాత్రం మానకండి. టీ బిస్కెట్లు పెడితే తప్పేం లేదు, కాకపోతే పావుగంటలో అందరూ చెప్పులేసుకుంటారు.

మొక్కు వేరు. 16వ వచనంలో మొక్కుబడి మాంసాన్ని మర్నాడు కూడా తినొచ్చన్నాడు, కృతజ్ఞతార్పణకు ఆ వెసులుబాటు లేదు. అంటే ధర్మశాస్త్రమే రెంటినీ విడిగా చూసింది. మొక్కు అంటే ముందే ఇచ్చిన మాట, అది బాకీ. కృతజ్ఞతకు ఏ మాటా ఇచ్చి ఉండనక్కర్లేదు. ద్వితీయోపదేశకాండము 23:21-23 సూటిగా ఉంది: మొక్కుకోకపోతే పాపం లేదు, మొక్కుకుంటే ఆలస్యం చేయకు. కాబట్టి కూడికకు ముందే మొక్కు తీర్చేయండి. ‘భోజనాలకు ఎలాగూ ఇంత అవుతోంది కదా, మొక్కు కూడా దీంట్లోనే’ అని లెక్క సరిపెట్టకండి.

ఆవిడ మొక్కుకున్నది వారానికో ఉపవాసం లాంటిదైతే తొందరపడొద్దు. గుండెకు, షుగరుకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా భోజనం మానకూడదు. తీర్చలేని మొక్కుకు దారి వాక్యంలోనే ఉంది. లేవీయకాండము 27లో మనుషుల్ని మొక్కుకున్నవాళ్లకు వెల కట్టే పద్ధతి చెప్పారు. 60 దాటిన స్త్రీకి 10 తులాల వెండి. అదీ కట్టలేకపోతే యాజకుడు వాళ్ల కలిమిని బట్టి నిర్ణయించాలని 8వ వచనం. పాస్టరుగారితో మాట్లాడి దాన్ని మరో రూపంలోకి మార్చుకోవడం ఎగ్గొట్టడం కాదు.

సాక్ష్యానికి కీర్తన 107ను కొలబద్దగా పెట్టుకోండి. ఎడారిలో దారి తప్పినవాళ్లు, చెరలో ఉన్నవాళ్లు, రోగులు, సముద్రంలో చిక్కుకున్నవాళ్లు. నలుగురిదీ ఒకటే వరస: ఇరుకు, మొర, విడుదల, స్తుతి. రోగుల భాగం 17 నుంచి 22 వరకు. జబ్బుకు రెండు వచనాలు, మొరకూ స్వస్థతకూ రెండు, స్తుతికి రెండు. మన సాక్ష్యాలు చెడేది ఇక్కడే. జబ్బుకు పన్నెండు నిమిషాలు పోతాయి. ఏ ఆస్పత్రి, ఎన్ని బ్లాకులు, ఎంత బిల్లు, ఎవరు చూడ్డానికి రాలేదు... చివర్లో ‘దేవునికి స్తోత్రం’ అని ఒక్క ముక్క. ఆవిడను ముందుగా కాగితం మీద రాసుకోమనండి. చేతిరాత రెండు పేజీలు, ఆరేడు నిమిషాలు, అంతకు మించొద్దు. మూడు పేరాలు చాలు: ఏం భయం పట్టుకుంది, ఏమని ప్రార్థించాం, ఏం దొరికింది. రక్తం ఇచ్చినవాళ్లను, రాత్రిళ్లు కాపలా ఉన్నవాళ్లను, డాక్టర్లను, నర్సులను తలుచుకోవాలి. వాళ్లను వదిలేసి ‘మనుషులు ఏమీ చేయలేదు, అంతా దేవుడే’ అంటే వినడానికి భక్తిగా ఉంటుంది గానీ, ఆయన పంపిన చేతుల్ని కొట్టేసినట్టే.

అందరూ కలిసి చదవడానికి మాత్రం 107 వద్దు. 17వ వచనం ‘తమ దోషము చేత’ బాధ తెచ్చుకున్నవాళ్ల గురించి. జబ్బుమనిషి ముందు అది చదివితే యోహాను 9లో శిష్యులు అడిగిన ‘ఎవరు చేసిన పాపం వల్ల ఇలా అయింది’ అన్న ప్రశ్నే సభలో లేస్తుంది. 116 చదవండి. 19 వచనాలే. మరణబంధాలతో మొదలై కృతజ్ఞతార్పణ దగ్గరికి, ప్రజలందరి ఎదుటికి వస్తుంది.

సంఘ_కార్యదర్శి

పై సోదరుడు వాక్యం చెప్పారు, నేను గడియారం చెబుతాను.

ఆహ్వానంలో 6.30 వేయండి, 6.45కి తప్పకుండా మొదలుపెట్టండి. పాటలు రెండు, 10 నిమిషాలు. ప్రారంభ ప్రార్థన 3. కీర్తన 116 ఒక వచనం చదివేవాళ్లు, ఒకటి అందరూ, 5. సాక్ష్యం 7. వాక్యం, అంటే ప్రసంగం, 20. కృతజ్ఞతా ప్రార్థన 10. కానుక పాట 5. ఆశీర్వాదం 2. కూడితే 62 నిమిషాలు. మిగిలిన అరగంట జారిపోవడానికే ఉంచాను, ఎలాగూ జారుతుంది. సాక్ష్యం వాక్యానికి ముందే ఉండాలి. తర్వాత పెడితే వాక్యం 45 నిమిషాలు సాగి, పెద్దావిడ అలిసిపోయి, వంటవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూస్తుండగా రెండు ముక్కల్లో కానిచ్చేస్తారు.

కూడికలు పాడయ్యేది ఎక్కువగా ‘వచ్చిన దైవసేవకులు ఒక్కొక్కరు రెండు మాటలు’ అన్న దగ్గర. నలుగురు సేవకులు వస్తున్నారంటే మూడు రోజుల ముందే ఫోన్ చేసి ఒకరికి ప్రారంభ ప్రార్థన, ఒకరికి వాక్య పఠనం, ఒకరికి ఆశీర్వాదం అని అప్పగించండి. ప్రసంగం ఒక్కరిదే. ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు, అక్కడికక్కడ చీటీ పంపితే నొచ్చుకుంటారు. శాలువాలు, దండలు వద్దనే నా సలహా. కప్పాల్సిందేనంటే భోజనాల దగ్గర కప్పండి.

కృతజ్ఞతా ప్రార్థనకు మీ సీఎస్ఐ వాళ్లకు మంచి చట్రం ఉంది. 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) ఆరాధన క్రమంలో చేరిన కృతజ్ఞతాస్తుతి, బిషప్ ఎడ్వర్డ్ రేనాల్డ్స్ రాసిందంటారు. దాని వరస: మమ్మల్ని సృష్టించినందుకు, కాపాడినందుకు, ఈ జీవితంలో ఇచ్చిన మేళ్లకు, అన్నిటికంటే మించి క్రీస్తులో విమోచన, కృపను అందుకునే మార్గాలు, మహిమ నిరీక్షణ. చివర్లో ఒక విన్నపం: పెదవులతోనే కాక బతుకుతో నిన్ను స్తుతించేలా చేయి అని. ఐదుగురికి ఈ వరస పంచండి, ఒక్కొక్కరు రెండు నిమిషాలు. వరస లేకపోతే ఐదుగురూ అదే ఆపరేషన్ గురించి అవే మాటలు చెబుతారు. అసలు ఆ ప్రార్థనలోనే, ఈమధ్య పొందిన మేలుకు స్తుతి చెల్లించాలనుకునేవాళ్లను ప్రత్యేకంగా తలుచుకోవడానికి ఒక వాక్యం ఉంది. శనివారం కూడిక, ఆదివారం గుడిలో ఆ ఒక్క వాక్యం, రెండూ ఉంటే ఇంకా బాగుంటుంది.

మైకు: హాలులో 60 మందికి అక్కర్లేదు. బయట షామియానా వేసి స్పీకరు పెడితే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 దాటాక వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, అంటే మామూలుగా మాట్లాడుకున్నంత. కృతజ్ఞత చెప్పేది దేవునికి. నాలుగో వీధికి వినిపించనక్కర్లేదు.

కానుక: దశమభాగం (ఆదాయంలో పదో వంతు) వేరు, కృతజ్ఞత కానుక వేరు. ఒకదాన్ని తగ్గించి రెండోది ఇవ్వకండి. ఇంతని నియమం లేదు. 2 కొరింథీయులకు 9:7లో ఉన్నది ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ అనే. అప్పు చేసి ఇవ్వొద్దు, బిల్లులో శాతం లెక్క కట్టొద్దు. ఒక ఆలోచన: ఆవిడకు నెలకు మందుల ఖర్చు ఎంతవుతోందో చూసి, అంత మొత్తం మందులు కొనుక్కోలేని ఇంకొకరికి సంఘం ద్వారా వెళ్లేలా ఇవ్వండి. కవరు మీద ‘కృతజ్ఞత, పేరు చదవవద్దు’ అని రాసి రసీదు తీసుకోండి. పేరు, అంకె చదివితే వచ్చేవారం ఇంకో ఇల్లు అంతకు ఒక వెయ్యి కలిపి ఇవ్వాల్సి వస్తుంది, లేదంటే కూడికే మానేస్తుంది. ఆ రోజు పళ్లెం తిప్పొద్దు. బంధువులు భోజనానికి వచ్చారు, చందాకు రాలేదు.

పెద్దగరిటె

60 మందిని పిలిస్తే 70 విస్తళ్లు లెక్క. కూడికలకు పిల్లలు లెక్కలోకి రారు, అన్నానికి వస్తారు.

మామూలు భోజనమైతే మనిషికి 125 గ్రాముల బియ్యం, అంటే 9 కిలోలు. కందిపప్పు 2 కిలోలు. కోడికూర తినేవాళ్లు 45 మంది అనుకుంటే మనిషికి 150 గ్రాముల చొప్పున 7 కిలోలు. పెరుగు 7 లీటర్లు. ఒక వేపుడు, ఒక పచ్చడి, ఒక స్వీటు. బిర్యానీ జోలికి పోకండి. ఇంతమంది శాకాహారులున్న చోట రెండు దమ్ములు వేయాలి, ఖర్చు పెరుగుతుంది, వాక్యం పావుగంట ఎక్కువైతే అడుగంటుతుంది. అన్నం, కూర, పప్పు అయితే ఆలస్యాన్ని తట్టుకుంటాయి.

శాకాహారం గిన్నెలు, గరిటెలు, వడ్డించే మనిషి అన్నీ వేరుగా, వేరే బల్ల మీద ఉండాలి. ఒకే గరిటె అటూ ఇటూ తిరిగిందంటే ఆ బంధువులు మర్యాదకు పెరుగన్నం తిని లేచిపోతారు.

ముఖ్యమైనది: ఎవరి కోసం కూడికో ఆవిడ గుండె పేషెంటు. పప్పులో, కూరలో ఉప్పు వేయకముందే ఆవిడ వాటా చిన్న గిన్నెలోకి తీయించండి. చాలా ఇళ్లలో ఇది మరిచిపోతారు, ఆ రాత్రి ఆవిడ ఊరగాయతో సహా అన్నీ తినేస్తారు.

మిగిలిన అన్నం ఎవరికి వెళ్తుందో పగలే మాట్లాడుకోండి. రాత్రి 9 దాటాక ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తరు, వేడికి అన్నం తెల్లారేసరికి పాచిపోతుంది. పైన చెప్పిన ‘తెల్లారేదాకా మిగల్చొద్దు’ నాకు బాగా నచ్చింది, వంటవాళ్లకు కావలసిన వాక్యం అది.

గట్టుమీద_చెట్టు

అందరికీ చాలా కృతజ్ఞతలు. వీధిలో ఆవిడ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని ఉంది కదా, ఆమె కూడా వచ్చి స్తుతిస్తే ఆదరణ కలుగుతుందని మా ఇంట్లో ఒకరి అభిప్రాయం.

ఒలీవ_కొమ్మ

ఆ వచనాన్ని ఆమె మీద పెట్టకండమ్మా.

1 థెస్సలొనీకయులకు 5:18 గ్రీకులో ‘ప్రతి విషయములో’ అనే ఉంది. ‘ప్రతి దాని కోసం’ అని కాదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ తేడా పెద్దదే. భర్త చావు కోసం స్తోత్రం చెప్పమని పౌలు అడగలేదు. అయితే నిజాయితీగా చెప్పాలంటే ఎఫెసీయులకు 5:20 కూడా ఉంది. అక్కడ ‘సమస్తమునుగూర్చి’. ఆ మాట ఈ తేడాను చెరిపేస్తుందని కొందరంటారు. ఆ వచనం ఉన్న చోటు చూడండి: ఆత్మపూర్ణులైన సంఘం కీర్తనలతో ఒకరినొకరు హెచ్చరించుకుంటూ పాడే సందర్భం. ఒక విధవరాలికి ఎవరో వెళ్లి చెప్పే సలహా కాదు. ఎవరి దుఃఖానికి వాళ్లే, ఏళ్లు గడిచాక, ఆ మాట అనగలిగితే అంటారు. ఇంకొకరు వాళ్ల చేత అనిపించకూడదు. కీర్తన 88 చివరిదాకా స్తుతి వైపు తిరగనే తిరగదు, అయినా కీర్తనల గ్రంథంలోనే ఉంది.

పిలవాలా అంటే, పిలవాలి. పిలవకపోతే వీధంతా వెళ్తుంటే ఆమె తలుపేసుకుని కూర్చోవాలి. కానీ కార్డుతో పిలవకండి. నాలుగు రోజుల ముందు అత్తయ్యగారే ఇంటికి వెళ్లాలి. అనాల్సిన మాట కూడా ముందే ఆలోచించుకోండి: ‘శనివారం ప్రార్థన పెట్టుకున్నాం. నీకు కష్టంగా ఉంటే రావద్దు, నేనేమీ అనుకోను. భోజనానికి మాత్రమే వచ్చినా సరే, ఏదీ కాకపోయినా నీ క్యారియరు నేనే పంపిస్తాను.’ మూడు దారులూ తెరిచి పెట్టండి. ఆమె ఏది ఎంచుకున్నా రెండోసారి అడగొద్దు.

సాక్ష్యంలో కొన్ని మాటలు తీసేయండి. ‘మేము విశ్వాసంతో ప్రార్థించాం కాబట్టి’ అనకూడదు. ఆమె కూడా విశ్వాసంతోనే ప్రార్థించింది. ‘ఎంతోమంది పోయారు గానీ దేవుడు నన్ను ఉంచాడు’ అనొద్దు. లూకా 18:11లో పరిసయ్యుడు చేసిందీ కృతజ్ఞతా ప్రార్థనే. ఇతర మనుషుల్లా లేనందుకు స్తోత్రం అన్నాడు. పక్కవాడితో పోల్చుకున్నాడు, అక్కడే చెడింది. ‘మీరూ నమ్మితే మీకూ ఇలాగే జరుగుతుంది’ అని హిందూ బంధువుల వైపు చూసి అనొద్దు, పాస్టరుగారికి కూడా ముందే ఈ సంగతి చెప్పండి. ‘నాకు ఆరు నెలలు అదనంగా దొరికాయి, అది నా గొప్ప కాదు’ అని చెబితే ఆ గదిలో ఎవరైనా వినగలరు.

ప్రార్థనలో ఆమె పేరు ఎత్తాలనిపిస్తే ఆమె అనుమతి తీసుకోండి. లేకపోతే ‘ఈ సంవత్సరం ఆత్మీయుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు’ అంటే చాలు. రోమీయులకు 12:15 సంతోషించేవాళ్లనూ ఏడ్చేవాళ్లనూ ఒకే వచనంలో పక్కపక్కనే ఉంచింది.

కీర్తన_నూటపదహారు

ఒలీవ_కొమ్మ గారి మాటకు ఒకటి జోడిస్తాను. ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమఫలాల గంప తెచ్చేవాడు సొంత కష్టం గురించి ఒక్క మాట మాట్లాడడు. నశించబోతున్న అరామీయుడైన మా తండ్రి దగ్గర మొదలుపెట్టి ఐగుప్తు, విడుదల, ఈ నేల అని చెప్పి గంప దించుతాడు. 11వ వచనంలో సంతోషించేవాళ్ల లెక్కలో లేవీయుడు, పరదేశి ఉన్నారు. తర్వాతి రెండు వచనాల్లో తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు కూడా వస్తారు. కాబట్టి పిలుపుల జాబితా రాసేటప్పుడు ఆమె పేరు ‘పిలవాలా వద్దా’ అనే వరసలో కాదు, పైనే ఉండాలి.

సంఘ_కార్యదర్శి గారితో చిన్న భేదం. వాక్యానికి 20 నిమిషాలు ఎక్కువ. లూకా 17:11-19 తీసుకుంటే 12 చాలు. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, ఒక్కడే తిరిగొచ్చాడు, వాడు సమరయుడు, అంటే బయటివాడు. ఆ తొమ్మిదిమందీ చెడ్డవాళ్లేం కాదు, యాజకుల దగ్గరికి వెళ్లమన్న మాటే పాటిస్తున్నారు. హిందూ బంధువులున్న చోట ఈ భాగం పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో మాట పడింది లోపలివాళ్లకే.

పెద్దగరిటె

కూడిక అయ్యాక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏడాదికోసారి 70 విస్తళ్లు వేసి మిగతా రోజులు మరిచిపోవడం కంటే పిడికెడు బియ్యం మొదలుపెట్టమనండి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘాలు 1910 నుంచి దీన్ని ‘బుఫాయ్ థామ్’ అని చేస్తున్నాయి. మన తెలుగు సంఘాల్లోనూ చాలాచోట్ల ఉంది. అన్నం వండే ముందు, ఎసట్లో పోయకముందే, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం. పిడికిలికి 40, 50 గ్రాములు పడతాయి. రెండు పూటలా తీస్తే నెలకు దగ్గర దగ్గర 3 కిలోలు. ఆవిడ చేతుల్తోనే తీయించండి, ఆరు నెలల తర్వాత ఆ పనికి ఇబ్బందేమీ ఉండదు.

రెండు చోట్ల చెడుతుంది. ఇంట్లో సోనామసూరి వండుకుంటూ డబ్బాలో రేషన్ బియ్యం వేస్తారు. ఏ బియ్యం తింటే అదే వేయాలి, లేకపోతే అసలు వద్దు. రెండోది పురుగు. ప్లాస్టిక్ డబ్బా వద్దు, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా తీసుకుని, అడుగున నీడలో ఎండిన వేపాకు గుప్పెడు వేయండి. తడి చేత్తో తీయకూడదు, బియ్యం కడగకముందే తీయాలి. నిండినా నిండకపోయినా నెలాఖరు ఆదివారం గుడికి తీసుకెళ్లి డబ్బా ఖాళీ చేసి, ఎండలో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.